రాగి జిగట

హైదరాబాదు బాలానగర్ పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు. మూడు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషీను, మూలన నూనె డబ్బాలు. పని నేర్చుకుంటున్న కుర్రాడొకడు పొద్దుట్నుంచి ఇత్తడి కడ్డీలు తిప్పుతున్నాడు. టూల్ తగిలిన చోటల్లా ఇత్తడి పోపులో ఆవాలు చిటపటలాడినట్టు చిన్న చిన్న పలుకులై రాలుతోంది. మధ్యాహ్నం అదే చక్‌లో రాగి కడ్డీ బిగించాడు. టూల్ మార్చలేదు. ఈసారి పలుకులు రాలలేదు. సన్నటి రిబ్బను సుడులు తిరుగుతూ వచ్చి, షెడ్డు భాషలో జాబ్ అనే ఆ తిరిగే ముక్కకు చుట్టుకుంది, చక్‌కు చుట్టుకుంది, చివరికి మెషీను ఆపి కొక్కెంతో లాగాల్సి వచ్చింది. నున్నగా మెరవాల్సిన ఉపరితలం పీకినట్టు గరుకుగా తేలింది. పెద్ద టర్నరు వచ్చి టూల్ విప్పి, దాని కొసన అంటుకున్న ఎర్రటి ముద్దను చూపించాడు.

"ఇత్తడి టూల్‌తో రాగి కోస్తారారా? రాగి జిగటది. సరిగా కోయకుంటే టూల్‌నే పట్టుకుంటది."

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. రాగి అంటే మనకు తెలిసింది లొంగే లోహమే కదా. రాగి చెంబు కింద పడితే సొట్ట పోతుంది. తీగను వేళ్లతోనే వంచుతాం. తాళ్ళపాక వారి సంకీర్తనలు రాగిరేకులకెక్కి తిరుమల ఆలయంలో శతాబ్దాలు నిలిచాయంటే, అక్షరం వెంట అక్షరంగా ఉలికి ఆ లోహం ఒదిగింది కాబట్టే. మరి చేతి ఉలికి అంత చక్కగా ఒదిగే రాగి, నిమిషానికి వంద మీటర్ల పైచిలుకు వేగంతో దూసుకొచ్చే కార్బైడ్ టూల్‌కు ఎందుకు ఎదురు తిరుగుతుంది?

లోహాన్ని కోయడం కూరగాయ తరగడం లాంటిది కాదు. టూల్ అంచు ముందున్న లోహం నలుగుతుంది, ఒక పలుచని పొర వెంట జారుతుంది, ఆ జారిన ముక్క టూల్ ముఖం మీదుగా పైకి పాకిపోతుంది. రాగిలో పరమాణువుల వరసలు ఒకదాని మీద ఒకటి జారడానికి ఎన్నో దారులున్నాయి. అందుకే అది ఎంత నలిగినా తెగదు, సాగుతుంది. సాగిన ముక్క లావెక్కి టూల్ ముఖాన్ని గట్టిగా రాసుకుంటూ పోతుంది. ఆ ఒత్తిడికి, ఆ వేడికి కొంత రాగి అక్కడే అతుక్కుపోతుంది. ఇక కోసేది టూల్ కాదు, టూల్ కొసన మొలిచిన రాగి ముద్ద. అది పెరుగుతుంది, విరుగుతుంది, విరిగిన తునకల్ని జాబ్ మీదే పులిమి పోతుంది. పెద్ద టర్నరు చూపించిన ఎర్రటి ముద్ద అదే. ఇంజనీర్లు దాన్ని బిల్టప్ ఎడ్జ్ అంటారు.

దీనికి విరుగుడు టూల్ ఆకారంలో ఉంది. ఇత్తడికి ముఖం చదునుగా ఉన్న టూల్ కావాలి. వాలు ఎక్కువైతే టూల్ ఇత్తడిలోకి దిగబడుతుంది. రాగికి సరిగ్గా తిరగేసి ఉండాలి. ముఖం బాగా వెనక్కి వాలి, అంచు బ్లేడులా పదునుగా ఉండి, ముఖాన్ని అద్దంలా పాలిష్ చేసి ఉంటే రాగి ఎక్కడా ఆగకుండా జారిపోతుంది. ఒకే కుటుంబంలోని రెండు లోహాలకు రెండు వ్యతిరేక టూళ్లు. కుర్రాడి పొరపాటు సహజమైనదే. మరలు తీసేటప్పుడు ఈ జిగట ఇంకా కష్టపెడుతుంది. లోతైన రంధ్రంలో తురుము ఇరుక్కుంటే మర కోసే పనిముట్టు, అంటే ట్యాప్, పుటుక్కున విరుగుతుంది. అందుకే రాగిలో చాలామంది కోసే ట్యాప్‌కు బదులు ఒత్తే ట్యాప్ వాడతారు. అది లోహాన్ని తీసెయ్యదు, పక్కకు నెట్టి మర రూపానికి తెస్తుంది. సాగే గుణాన్నే పనికి పెట్టుకోవడమన్నమాట.

కోతకు ఒదగడంలో లోహాలను పోల్చే ఒక వాడుక కొలమానం ఉంది. సీసం కలిపిన మామూలు ఇత్తడికి 100 మార్కులు వేస్తే శుద్ధ రాగికి వచ్చేవి 20. అలాంటప్పుడు ఈ బాధంతా ఎందుకు, ఇత్తడితోనే చేయరాదా?

లెక్క వేసి చూద్దాం. స్విచ్‌బోర్డుల్లో కరెంటు మోసే పట్టీ, అంటే ఒక బస్‌బార్, వెడల్పు 100 మిల్లీమీటర్లు, మందం 10 మిల్లీమీటర్లు, పొడవు ఒక మీటరు. రాగితో చేస్తే దాని నిరోధం సుమారు 17 మైక్రోఓములు. అంటే ఓమును పది లక్షల వంతులు చేస్తే అందులో పదిహేడు. అందులో 1,000 ఆంపియర్లు ప్రవహిస్తే 17 వాట్లు వేడిగా పోతాయి, చిన్న బల్బు అంత. అదే కొలతల ఇత్తడి బార్‌లో 60 వాట్లు దాటుతుంది. ఒక మీటరుకే ఇంత తేడా. ఏడాది పొడవునా రాత్రింబవళ్లు నడిచే సబ్‌స్టేషన్‌లో ఇది కరెంటు బిల్లు సంగతి మాత్రమే కాదు. ఆ వేడి ఎటు పోవాలన్నది అసలు ప్రశ్న.

రాగి రాగిలో ఉండే తేడాను ప్రపంచం గుర్తించింది సముద్రం అడుగున. 1858లో అట్లాంటిక్ మహాసముద్రం అడుగున ఐరోపాకూ అమెరికాకూ మధ్య తొలి టెలిగ్రాఫ్ కేబుల్ వేశారు. కొన్ని వారాలకే అది మూగబోయింది. అంతకు ముందు ఏడాదే విలియం థామ్సన్, తరవాత లార్డ్ కెల్విన్‌గా ప్రసిద్ధుడైన ఆయన, బజారులో దొరికే రాగి తీగలను కొలిచి చూశాడు. పైకి ఒకేలా కనిపించే తీగల మధ్య వాహకతలో చాలా తేడా తేలింది. అప్పటిదాకా రాగి అంటే రాగే. ఆ తరవాత కేబుళ్లకు రాగి కొనాలంటే వాహకత కొలిచి కొనడం మొదలైంది. 1860లలో అగస్టస్ మాథీసన్ ఏ మలినం ఎంత కలిస్తే వాహకత ఎంత పడిపోతుందో ఓపిగ్గా కొలిచాడు. 1913లో అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఖరారైంది. అప్పటి మంచి మెత్తబరిచిన రాగిని 100 శాతంగా తీసుకున్నారు. శుద్ధి చేసే పద్ధతులు అప్పటికంటే మెరుగయ్యాయి కాబట్టి ఈనాటి మేలురకం రాగి ఆ కొలబద్ద మీద 101 శాతం చూపిస్తుంది. నూటికి నూరు దాటిన మార్కులు నాకు తెలిసి ఇంకెక్కడా నిజం కావు.

ఇప్పుడు అసలు చిక్కు. రాగిని కోతకు ఒదిగేలా చేయాలంటే అందులో ఇంకేదైనా కలపాలి. ఏది కలిపినా వాహకత తగ్గుతుంది. అయితే అన్నీ ఒకేలా తగ్గించవు. నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

కోతల కాలంలో మన ఊళ్ల రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. రోడ్డు పొడవునా పలుచగా పరిస్తే బండి ప్రతి గజానికీ నెమ్మదించాలి. అవే వడ్లను ఒకచోట కుప్ప చేస్తే పక్కనుంచి వెళ్లిపోవచ్చు. వడ్లు అన్నే, రోడ్డు అదే. రాగిలో ఎలక్ట్రాన్ల ప్రయాణం కూడా ఇంతే. బయటి పరమాణువు రాగి పరమాణువుల వరసల్లో కలిసిపోయి ఒంటరి ఒంటరిగా అంతటా పరుచుకుంటే, ఎలక్ట్రాన్ అడుగడుగునా చెదురుతుంది. అదే పదార్థం రాగిలో కరగకుండా విడిగా చిన్న కుప్పలై నిలిస్తే దారి పెద్దగా పాడవదు.

ఫాస్ఫరస్ కలిసిపోయే రకం. రాగిలో 0.02 నుంచి 0.04 శాతం ఉంటే చాలు, వాహకత 85 శాతం దగ్గరికి జారుతుంది. మన ఇళ్లలో ఏసీ పైపుల రాగి ఇదే. అక్కడ కరెంటు పని లేదు, అతుకు బాగా పట్టడం ముఖ్యం. ఇత్తడిలో జింకు కూడా కలిసిపోయే రకమే, అదీ మూడో వంతు పైగా. అందుకే ఇత్తడి వాహకత 26–28 శాతానికి దిగిపోయింది.

టెల్లూరియం కలవని రకం. ఫాస్ఫరస్‌కు పది రెట్లు ఎక్కువగా, అర శాతం దాకా కలిపినా వాహకత 93 శాతం దగ్గర నిలబడుతుంది. అది రాగితో చేరి కాపర్ టెల్లూరైడ్ రేణువులుగా విడిగా ఉండిపోతుంది. టూల్ ముందు సాగుతూ వస్తున్న రాగి ఈ రేణువు దగ్గరికి రాగానే అక్కడ తెగుతుంది. రిబ్బను కాస్తా పలుకులవుతుంది. మార్కులు 20 నుంచి 85కు ఎక్కుతాయి. గంధకం కూడా ఇదే పని చేస్తుంది. ఇత్తడిలో సీసం చేసేదీ ఇదే. వెల్డింగ్ టార్చి నాజిల్, కరెంటు కనెక్టర్ల పిన్నుల వంటి వేల సంఖ్యలో తిప్పాల్సిన చిన్న భాగాలకు ఈ రాగి వరం.

ఇంకో అడుగు ముందుకేస్తే క్రోమియం. స్పాట్ వెల్డింగ్ మెషీను మొనలు ఎప్పుడూ వేడిలోనే ఉంటాయి. శుద్ధ రాగిని సాగగొట్టి ఎంత గట్టిపరిచినా, వేడి 200 డిగ్రీలు దాటుతుంటే అది మళ్లీ మెత్తబడే దారి పడుతుంది. దానికి ఒక శాతం వరకు క్రోమియం కలుపుతారు. సుమారు 1,000 డిగ్రీల నుంచి నీళ్లలో చల్లారిస్తే క్రోమియం రాగిలో కరిగిన స్థితిలోనే చిక్కుకుంటుంది. అప్పుడు వాహకత సగానికి పడిపోతుంది. తరవాత 450–500 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే కరిగిన క్రోమియం బయటికొచ్చి సూక్ష్మమైన రేణువులుగా గుమికూడుతుంది. వాహకత 80 శాతానికి లేచి వస్తుంది, లోహం గట్టిపడుతుంది కూడా. ఆరబోసిన వడ్లను మనమే కుప్పకెత్తినట్టు. ఒకే ముక్క, ఒకే రసాయన కూర్పు, కొలిమిలో గడిపిన కొన్ని గంటలు మాత్రమే తేడా.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. స్ప్రింగులకూ గట్టి కాంటాక్టులకూ వాడే బెరీలియం రాగి మేలైన లోహం. కానీ దాన్ని గ్రైండింగ్ చేసినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు నయం కాని జబ్బు తెస్తుంది. కడ్డీ రంగు చూసి ఇది మామూలు రాగి కాదని పోల్చుకోవడం కష్టం. దాన్ని ఇచ్చే కంపెనీ ఆ సంగతి కాగితం మీద రాసి, నోటితోనూ చెప్పి ఇవ్వాలి. తడిపి పని చేయాలి, ధూళిని పీల్చే గొట్టం పెట్టాలి. చిన్న షెడ్డుకు అది భారమే. అయినా తప్పదు.

పైకి ఒకేలా కనిపించే రాగిలో ఇంకో దాగుడుమూత ఆక్సిజన్‌ది. ఇళ్ల వైర్లకూ బస్‌బార్లకూ వాడే మామూలు ఎలక్ట్రోలిటిక్ రాగిలో 0.02–0.04 శాతం ఆక్సిజన్ ఉంటుంది. అది కావాలని ఉంచేదే. మిగిలిన మలినాలను ఆక్సైడ్లుగా పట్టి పక్కకు నెడుతుంది కాబట్టి వాహకతకు మేలే చేస్తుంది. మళ్లీ అదే కుప్పల కథ. అయితే అలాంటి రాగితో చేసిన భాగాన్ని హైడ్రోజన్ ఉన్న కొలిమిలో పెట్టి అతికించారనుకోండి. హైడ్రోజన్ పరమాణువు చిన్నది, వేడి రాగిలోకి సులువుగా చొరబడుతుంది. లోపలి ఆక్సైడ్‌తో కలిసి నీటి ఆవిరవుతుంది. ఆవిరి అణువు పెద్దది, బయటికి రాలేదు. లోహపు రేణువుల సరిహద్దుల్లో ఒత్తిడి పెరిగి పగుళ్లు బారతాయి. రోజుల తరబడి శ్రద్ధగా చేసిన భాగం బిస్కెట్టులా విరుగుతుంది. లోహశాస్త్రంలో దీని పేరే హైడ్రోజన్ జబ్బు. అందుకే అతుకు పడే భాగాలకు ఆక్సిజన్ లేని రాగి వాడాలి. రెంటికీ రంగు ఒకటే, బరువు ఒకటే. స్టోర్స్‌లో కడ్డీ చివర పూసిన రంగు గీత చెరిగిపోతే అంతా గల్లంతు.

కరెంటు సంగతి ఇంతసేపు చెప్పాను. వేడిని మోసేదీ ఆ ఎలక్ట్రాన్లే. 1853లో వీడెమాన్, ఫ్రాంజ్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు, కరెంటును బాగా మోసే లోహాలే వేడినీ అదే నిష్పత్తిలో మోస్తాయని కనిపెట్టారు. షెడ్డులో దీని ఫలితం వెంటనే కనిపిస్తుంది. టూల్ అంచు దగ్గర పుట్టిన వేడి అక్కడ ఆగదు, క్షణాల్లో జాబ్ అంతా పాకుతుంది. స్టీలు జాబ్ ఒక చివర కాలుతుంటే ఇంకో చివర పట్టుకోవచ్చు. రాగిలో ఆ వీలుండదు. పైగా రాగి స్టీలు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. 100 మిల్లీమీటర్ల రాగి భాగం 30 డిగ్రీలు వేడెక్కితే 50 మైక్రాన్లు పెరుగుతుంది. మనిషి వెంట్రుక మందంలో సగానికి పైనే. డ్రాయింగులో అనుమతి 20 మైక్రాన్లయితే, వేడి మీద కొలిచి సరిపోయిందనుకున్న జాబ్ చల్లారాక తిరస్కరణ డబ్బాలో పడుతుంది.

చల్లారాక కొలిస్తే సరిపోతుందా? హైదరాబాదులో మే నెలలో షెడ్డు 40 డిగ్రీలు. కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మైక్రోమీటరూ వేడెక్కింది కదా, లెక్క సరిపోతుందనుకుంటాం. కానీ అది స్టీలు, జాబ్ రాగి. రెండూ పెరిగే తీరులో తేడా ఉంది కాబట్టి 100 మిల్లీమీటర్లకు సుమారు 11 మైక్రాన్ల అబద్ధం అక్కడే దాక్కుంటుంది. కొలతల గదికి ఏసీ పెట్టేది మనుషుల సుఖానికి కాదు.

ఇక ఉపరితలం. రెండు బస్‌బార్లను బోల్టుతో బిగిస్తే కంటికి రెండూ పూర్తిగా ఆనుకున్నట్టే ఉంటాయి. సూక్ష్మంగా చూస్తే కొండల శ్రేణిని తిరగేసి ఇంకో కొండల శ్రేణి మీద బోర్లించినట్టుంటుంది. ఆనుకునేవి శిఖరాలు మాత్రమే. కరెంటంతా ఆ కొద్దిపాటి చుక్కల గుండానే ఇరుక్కుంటూ దాటాలి. రాగ్నార్ హోల్మ్ అనే స్వీడిష్ శాస్త్రవేత్త 20వ శతాబ్దం తొలి సగంలో ఈ విషయానికే తన జీవితాన్ని ఇచ్చాడు. ఇందాకటి బార్ లెక్క గుర్తుందా? మీటరు పొడవుకు 17 వాట్లు. అతుకు దగ్గర నిరోధం 50 మైక్రోఓములు ఉంటే అరచేతి వెడల్పు చోట 50 వాట్లు. అది వేడెక్కుతుంది, ఆక్సైడ్ పేరుకుంటుంది, నిరోధం పెరుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. కరెంటు మీటరు పెట్టెలో మాడి నల్లబడిన వైరు చివర చూసినవాళ్లకు ఈ వరస తెలుసు. రంధ్రం వేసినప్పుడు అంచున లేచిన బర్, మిల్లీమీటరులో పదో వంతే కావచ్చు, రెండు బార్లను దూరంగా ఎత్తి పట్టడానికి అది చాలు. కాబట్టి బర్ తీయడం అందం కోసం చేసే పని కాదు. అది ఎలక్ట్రికల్ పని.

కరెంటు వేగంగా దిశ మార్చుకునేకొద్దీ ఉపరితలం విలువ ఇంకా పెరుగుతుంది. మన ఇంటి 50 హెర్ట్జ్ కరెంటు రాగిలో 9 మిల్లీమీటర్ల లోతు దాకా దిగుతుంది. సెకనుకు 1,200 కోట్ల సార్లు ఊగే మైక్రోతరంగాల కరెంటు 0.6 మైక్రాన్లకు మించి దిగదు. అంటే రాగి ముక్క ఎంత మందంగా ఉన్నా పనిచేసేది పైపొర ఒక్కటే. ఆ పొరను టూల్ ఎలా వదిలిందన్నదే దాని వాహకత. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో 1966లో మొదలైన, మైక్రోతరంగాలతో ఎలక్ట్రాన్లను ఉరికించే 3 కిలోమీటర్ల యాక్సిలరేటర్ గుండె రాగి గొట్టమే. లోపల వరసగా రాగి బిళ్లలు. జెనీవా దగ్గరి సెర్న్‌లో రూపొందిస్తున్న కొత్త తరం యాక్సిలరేటర్ బిళ్లలకు కొలతలు కొద్ది మైక్రాన్ల లోపల నిలవాలి, నునుపు మైక్రాన్‌లో వందో వంతుల లెక్కకు దిగాలి. వాటిని వజ్రపు టూల్‌తో తిప్పుతారు.

వజ్రం అంటే గట్టిది కాబట్టి అనుకుంటాం. కారణం అదొక్కటే కాదు. వజ్రం కార్బన్. వేడి ఇనుములో కార్బన్ కరిగిపోతుంది, అందుకే స్టీలును కోస్తే వజ్రపు అంచు త్వరగా అరిగిపోతుంది. రాగిలో కార్బన్ దాదాపు కరగదు. రెండింటికీ చుట్టరికం లేదు, కాబట్టి అతుక్కోదు. కుర్రాడి టూల్‌ను పట్టుకున్న ఆ జిగట రాగి వజ్రం ముందు జారిపోయి, వెనక అద్దాన్ని వదిలి వెళ్తుంది.

రాగి వేడిని మోసే గుణానికి పెద్ద పరీక్ష రాకెట్ ఇంజనులో. శ్రీహరికోట నుంచి 2014 జనవరి 5న జీఎస్‌ఎల్‌వీ డీ5 రాకెట్ మన సొంత క్రయోజెనిక్ ఇంజనుతో తొలిసారి విజయవంతంగా ఎగిరింది. ఇలాంటి ఇంజన్లలో మంట 3,000 డిగ్రీలు దాటుతుంది. దాన్ని చుట్టి ఉన్న లోపలి గోడ రాగి మిశ్రలోహం, రాగి కరిగేది 1,085 డిగ్రీల దగ్గరే. కరగకపోవడానికి కారణం గోడ వెనక సన్నటి గాడుల్లో మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ పరుగెత్తడం. చదరపు సెంటీమీటరుకు 5 కిలోవాట్ల వేడి తగులుతోందనుకుందాం, గోరంత చోటు మీద రెండున్నర గీజర్లు. ఒక మిల్లీమీటరు మందం రాగి గోడకు ఆ వేడిని దాటించడానికి రెండు వైపుల మధ్య 150 డిగ్రీల తేడా చాలు. అదే స్టెయిన్‌లెస్ స్టీలు గోడకయితే 2,000 డిగ్రీల పైన తేడా కావాలి. అంతకంటే ముందే గోడ కరిగిపోతుంది. గట్టిదనం స్టీలుదే, కానీ ఇక్కడ బతికేది రాగి.

ఆ గాడులను రాగి గోడ బయటివైపు ఒక్కొక్కటిగా మిల్లింగ్ చేస్తారు. అమెరికా స్పేస్ షటిల్ ప్రధాన ఇంజను గోడలో అలాంటివి 390. గోడ నడుము సన్నబడే చోట గాడులూ సన్నబడతాయి, కట్టర్ పక్కకు ఒరిగితే రెండు గాడుల మధ్య పక్కటెముక వంగుతుంది. తరవాత, ఒక పద్ధతిలో, పైన స్టీలు తొడుగు వేసి శూన్య కొలిమిలో అతికిస్తారు. అతికాక లోపల ఏముందో చేత్తో తడిమి చూసే వీలు లేదు. ఒక గాడి అంచున బర్ మిగిలితే అక్కడ హైడ్రోజన్ ప్రవాహం తగ్గుతుంది, ఆ గీత వెంట గోడ వేడెక్కుతుంది. అందుకని తొడుగు వేయకముందే, భూతద్దం కింద, గాడి వెంట గాడి, ఆ జిగట రాగి వదిలిన ప్రతి పోగునూ వెతికి తీసేయాలి.